పౌరుణ్ని ప్రభుత్వ సేవతో కలిపే మొబైల్ యాప్: మొదటి ప్రశ్న నుంచి చివరి సంతకం దాకా

ప్రభుత్వ సేవల యాప్ అనగానే మొదటి సమావేశంలోనే ఎవరో ఒకరు హోమ్ స్క్రీన్ బొమ్మ గీసేస్తారు. పైన ప్రభుత్వ చిహ్నం, మధ్యలో వెతికే పెట్టె, కింద వరసలు వరసలుగా ఐకాన్లు. వాటి రంగులు తేల్చడానికే వారాలు పడతాయి. యాప్ జనంలోకి వెళ్లాక మాత్రం వాళ్లు అడిగేది ఒకటే: ‘నా దరఖాస్తు ఎందాకా వచ్చింది?’ దీనికి జవాబు చెప్పలేకపోతే, యాప్ ఎంత ముచ్చటగా ఉన్నా, పని కావాల్సిన మనిషి సెలవు పెట్టుకుని ఆఫీసు మెట్లెక్కాల్సిందే.

అందుకే ఇక్కడ చెప్పే ప్రతి మెట్టూ ఆ ప్రశ్న వైపే నడుస్తుంది. ఉదాహరణకు ఒకే సేవను మొదటి నుంచి చివరిదాకా పట్టుకుందాం. జనన ధ్రువపత్రంలో పాప పేరు తప్పుగా పడింది, సరిచేయించాలి. చిన్న పనే, కానీ యాప్ తయారీలో ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ ఇందులో ఉన్నాయి.

1. ఒక్క సేవతో మొదలుపెట్టండి

‘అన్ని శాఖలూ ఒకేచోట’ అన్న మాట పైవాళ్లకు బాగా నచ్చుతుంది. ఆచరణలో అది వంద ఐకాన్లుగా తేలుతుంది. దేన్ని నొక్కినా ఆ శాఖవారి పాత వెబ్‌సైట్ తెరుచుకుంటుంది, మళ్లీ లాగిన్ అడుగుతుంది. బ్రిటన్ 2011లో గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ అనే విభాగాన్ని పెట్టి సేవల తీరు మార్చే పనికి దిగినప్పుడు, ఉన్న వందల సేవల్లోంచి 25 మాత్రమే ఎంచుకుని మొదలుపెట్టింది. ఒక దేశ ప్రభుత్వం మొత్తానికి 25 అయితే, కొత్త బృందానికి ఒకటి చాలు.

ఏ సేవ అన్నది తేల్చడానికి మూడు లెక్కలు తెప్పించుకోండి. ఏడాదికి ఎంతమంది దరఖాస్తు చేస్తున్నారు, ఒక్కొక్కరూ ఆ పనికి ఎన్నిసార్లు తిరుగుతున్నారు, ఎన్ని దరఖాస్తులు వెనక్కి వెళ్తున్నాయి. మొదటి రెండింటినీ గుణిస్తే జనం ఏడాదిలో ఎన్నిసార్లు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారో తెలుస్తుంది. అది ఎక్కువగా ఉన్న సేవే మీది. ఎంచుకునే ముందు దాని నిబంధనలు ఒకసారి మొత్తం చదవండి. దరఖాస్తుదారు స్వయంగా వచ్చి అధికారి ముందు సంతకం పెట్టాలని చట్టంలోనే ఉంటే, ఆ మాట మారేదాకా యాప్ సగం పనే చేయగలదు. ఈ సంగతి ఆరో నెలలో తెలిసిన బృందాలున్నాయి. మొదటి వారంలోనే తెలుసుకోండి.

2. కౌంటర్‌కు రెండువైపులా కూర్చోండి

డిజైన్ చేసేవాళ్లు కౌంటర్ ముందు క్యూలో రెండు రోజులు, కౌంటర్ వెనక గుమాస్తా పక్కన రెండు రోజులు గడపాలి. ఈ నాలుగు రోజులకు బదులుగా ఎంత మంచి సర్వే చేయించినా సరిపోదు. క్యూలో ఉన్నప్పుడు జనం చేతుల్లోకి చూడండి: ఏ కాగితాలు తెచ్చారు, వేటికి అవసరం లేకపోయినా జిరాక్సులు తీయించుకొచ్చారు, ఫారం నింపుతూ ఏ గడి దగ్గర కలం ఆపి పక్కవాళ్లను అడిగారు. వెనక ఉన్నప్పుడు ఇంకో లోకం కనిపిస్తుంది. ఫారంలో ముప్పై గడులుంటాయి. గుమాస్తా వేలు మాత్రం నాలుగు చోట్లే ఆగుతుంది. పక్కన సొంతంగా రాసుకున్న ఒక నోటు పుస్తకం ఉంటుంది. అసలు వ్యవస్థ అంతా ఆ పుస్తకంలోనే ఉంది, అడిగి చూడండి.

తర్వాత తిరస్కరించిన దరఖాస్తులు ఒక యాభై తెప్పించి కారణాలను కుప్పలుగా వేయండి. పేరు సవరణలో సాధారణంగా మూడు కుప్పలు పెద్దవిగా తేలతాయి: జతచేసిన పత్రం కనిపించక తిప్పిపంపినవి, రెండు పత్రాల్లో పేరు రెండు రకాలుగా ఉన్నవి, దరఖాస్తు వేరే కార్యాలయానికి వెళ్లాల్సినవి. మీ యాప్ మొదట తగ్గించాల్సింది ఈ కుప్పలనే.

చివరగా గోడ మీద పెద్ద కాగితం అంటించి రెండు వరసలు గీయండి. పై వరసలో దరఖాస్తుదారు చేసే పనులు, కింది వరసలో ఆఫీసులో జరిగే పనులు. కింది వరసలో పని నడుస్తూ పై వరస ఖాళీగా ఉన్న చోట్లన్నిటికీ ఎర్ర గీత పెట్టండి. మనిషి ఏమీ తెలియక ఎదురుచూసే రోజులవి. ఈ కాగితాన్ని చింపకండి, ఎనిమిదో మెట్టులో మళ్లీ కావాలి.

3. ఫారాన్ని కోసేయండి

కాగితం ఫారాన్ని ఉన్నదున్నట్టు ఫోన్‌లోకి దించడం అందరూ చేసే తప్పు. ప్రతి గడినీ నాలుగు ప్రశ్నలతో నిలదీయండి. ఈ సమాచారం ఎవరు వాడతారు? దేనికి వాడతారు? ఇది లేకపోతే ఏ నిర్ణయం ఆగుతుంది? ప్రభుత్వం దగ్గర ఇది ఇప్పటికే ఉందా? మొదటి మూడింటికి జవాబు లేని గడి పోవాలి. నాలుగోదానికి ‘ఉంది’ అని వస్తే అడగడం మానేసి తెచ్చుకోవాలి.

ఎస్టోనియా ఈ నాలుగో ప్రశ్నను చాలా గట్టిగా పట్టుకుంది. అక్కడ 2001 నుంచి ఎక్స్‌రోడ్ అనే ఏర్పాటు ఉంది. ఏ శాఖ డేటాబేస్ ఆ శాఖ దగ్గరే ఉంటుంది, అవసరమైనప్పుడు ఒక శాఖ ఇంకో శాఖను భద్రమైన దారిలో అడిగి తెలుసుకుంటుంది. ఒకసారి ఇచ్చిన వివరాన్ని పౌరుణ్ని మళ్లీ అడగకూడదన్నది అక్కడ సూత్రం. మీ దగ్గర అంత వ్యవస్థ లేకపోవచ్చు. అయినా జనన నమోదు సంఖ్య తీసుకుని, ఇప్పుడు రిజిస్టర్‌లో ఉన్న పేరునూ తేదీనీ తెర మీద చూపించడానికి ఒక్క ఏపీఐ (ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంను సమాచారం అడిగే దారి) చాలు. దాంతోనే ఫారంలో ఎన్నో గడులు ఎగిరిపోతాయి.

పేరు గడి గురించి కాస్త ఆగి చెప్పాలి. ఇంటిపేరు లేనివాళ్లున్నారు, ఒకే ముక్క పేరున్నవాళ్లున్నారు, పేరులో చుక్కలూ అడ్డగీతలూ ఉన్నవాళ్లున్నారు. మొదటి పేరు, చివరి పేరు అని రెండు పెట్టెలు పెట్టి రెండూ తప్పనిసరి చేస్తే, ఒకే పేరున్న మనిషి రెండో పెట్టెలో చుక్కో గీతో పెడతాడు. రేపు ఆ చుక్క ధ్రువపత్రం మీదికెక్కుతుంది. పేర్లు సరిచేయడానికి పెట్టిన సేవే కొత్త తప్పుల్ని పుట్టిస్తుంది. ఒకే పెద్ద పెట్టె పెట్టండి, ‘పత్రం మీద ఎలా ఉండాలో అలాగే రాయండి’ అని చెప్పండి. పుట్టిన తేదీకి క్యాలెండర్ తెరవకండి. నలభై ఏళ్లు వెనక్కి జరపడం ఎవరికైనా విసుగే. రోజు, నెల, సంవత్సరం అని మూడు చిన్న పెట్టెలు చాలు.

4. లాగిన్ ఎప్పుడు అడగాలి

సేవ వివరాలు, కావాల్సిన పత్రాల జాబితా, రుసుము, పట్టే రోజులు చూడటానికి లాగిన్ అడగకండి. దరఖాస్తు పంపేటప్పుడు ఫోన్ నంబర్ ధ్రువీకరణ చాలు. పేరు మార్పు మంజూరై కొత్త పత్రం చేతికిచ్చే చోట గట్టి గుర్తింపు కావాలి. అంటే ప్రమాదం ఎంత ఉంటే తాళం అంత పెద్దది. సింగపూర్‌లో సింగ్‌పాస్ 2003లో మొదలైంది, 2018లో దానికి మొబైల్ యాప్ వచ్చింది. అలాంటి జాతీయ గుర్తింపు వ్యవస్థ ఉంటే దాన్నే వాడుకోండి, మీ యాప్ కోసం ఇంకో పాస్‌వర్డ్ పుట్టించకండి.

ఎస్ఎంఎస్‌లో వచ్చే ఓటీపీ సులువైనదే కానీ, సిమ్ వేరొకరి చేతికి చేరితే ఖాతా కూడా చేరినట్టే. నంబర్ మారిన మనిషికి ఖాతా తిరిగి దక్కే దారి మొదటి రోజు నుంచే ఉండాలి.

చాలా యాప్‌లు మరిచిపోయే సంగతి ఇంకొకటుంది. దరఖాస్తు చేసే మనిషీ, ఎవరి పని కోసం చేస్తున్నారో ఆ మనిషీ తరచూ వేరు వేరు. మన ఉదాహరణలోనే పాప పేరు కోసం అమ్మ దరఖాస్తు చేస్తోంది. ముసలి తండ్రి కోసం కూతురు చేస్తుంది. ఇంట్లో అందరికీ ఒకే ఫోన్ ఉండొచ్చు. ‘మీ కోసమా, వేరొకరి కోసమా?’ అన్న ప్రశ్న మొదటి స్క్రీన్‌లోనే పెట్టి, ఆ వేరొకరితో సంబంధాన్ని రికార్డు చేయండి. ఆ దారి లేకపోతే ఆ కూతురు తండ్రి పాస్‌వర్డ్ వాడుతుంది. అప్పుడు ఎవరు ఏం చేశారో మీ రికార్డుకు ఎప్పటికీ తెలియదు.

5. స్క్రీన్‌కు ఒక ప్రశ్న

పొడవాటి ఫారాన్ని ముక్కలు చేసి స్క్రీన్‌కు ఒక ప్రశ్న చొప్పున అడగండి. స్క్రీన్లు ఎక్కువైపోతాయని బృందంలో ఎవరో అభ్యంతరం చెప్తారు. నిజమే, ఎక్కువవుతాయి. కానీ ఒక్కో స్క్రీన్ మీద ఆలోచించాల్సింది ఒక్కటే ఉంటుంది, తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కోనక్కర్లేదు, నెట్ పోయినా పోయేది ఒక్క జవాబే.

పేరు సవరణ ఇలా నడవాలి. మొదటి స్క్రీన్: ఎవరి పేరు? రెండోది: నమోదు సంఖ్య, దాని కింద ఆ సంఖ్య పాత పత్రంలో ఎక్కడుంటుందో చూపే చిన్న బొమ్మ. మూడోది: ‘ఇప్పుడు రిజిస్టర్‌లో ఇలా ఉంది’ అని పాత పేరు, కింద కొత్త పేరు రాసే పెట్టె. నాలుగోది: ఆధారంగా ఏ పత్రం ఇస్తారు? ఐదోది: కెమెరా. ఆరోది: అన్నీ ఒకసారి చూసుకునే స్క్రీన్, ప్రతి వరస పక్కనా ‘మార్చు’ అనే మాట. ఇదే చివరి స్క్రీన్.

కెమెరా దగ్గర కష్టపడితే మొదటి కుప్ప కరిగిపోతుంది. చట్రం గీసి చూపించండి, ఫొటో తీయగానే మసకగా ఉందో, అంచు తెగిందో ఫోన్‌లోనే చూసి చెప్పండి. మూడు వారాల తర్వాత ఆఫీసు చెప్పే సంగతిని ఫోన్ మూడు క్షణాల్లో చెప్పగలదు.

తప్పు చూపే మాటల్ని డెవలపర్లకు వదిలేయకండి. ‘చెల్లని ఇన్‌పుట్’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘నమోదు సంఖ్యలో ఒక అంకె తక్కువగా ఉంది, పత్రం పైభాగంలో కుడివైపు చూడండి’ అంటే పని జరుగుతుంది.

కొలతలు కూడా పట్టించుకోవాలి. వేలితో నొక్కే బటన్ ఆండ్రాయిడ్‌లో కనీసం 48 డీపీ, ఐఫోన్‌లో 44 పాయింట్లు (రెండూ తెర మీది కొలత ప్రమాణాలు) ఉండాలని ఆ సంస్థల మార్గదర్శకాలే చెబుతున్నాయి. అందరికీ అందుబాటు కోసం రూపొందిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో 2.2 కూర్పు 2023లో వచ్చింది. దాని ప్రకారం మామూలు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య వ్యత్యాసం కనీసం 4.5:1 ఉండాలి, అక్షరాలను రెట్టింపు చేసినా పని ఆగకూడదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్) లేదా వాయిస్‌ఓవర్ (ఐఫోన్) పెట్టుకుని, కళ్లు మూసుకుని, మీ యాప్‌లో ఒక దరఖాస్తు పూర్తిచేయండి. ఎక్కడ ఇరుక్కున్నారో అక్కడ చూపులేని మనిషి రోజూ ఇరుక్కుంటాడు. వేరే సేవకు వెళ్లే వీలు అతనికి లేదు, ఎందుకంటే ప్రభుత్వం ఒకటే.

6. భాషను చివరికి నెట్టకండి

ఒక భాషలో అన్నీ పూర్తిచేసి చివరి వారంలో అనువాదానికి పంపితే ఏమవుతుందో తెలుగు చదివే ఎవరికైనా తెలుసు. పొట్టి మాట కోసం గీసిన బటన్‌లో తెలుగు మాట పట్టదు, చివర మూడు చుక్కలు మిగులుతాయి. వరసల మధ్య ఎడం చాలక వత్తులు తెగిపోతాయి. కాబట్టి మొదటి స్క్రీన్ నుంచే, మీ యాప్ మాట్లాడే భాషల్లో అన్నిటికన్నా పొడవుగా, ఎత్తుగా పరుచుకునే లిపిలో డిజైన్ చేయండి. దానికి సరిపోతే మిగతావాటికీ సరిపోతుంది.

మాటలు ఆఫీసు ఫైల్ నుంచి కాకుండా కౌంటర్ దగ్గర విన్నవాటి నుంచి రావాలి. ‘అనుబంధ పత్రములను జతపరచవలెను’ అనే చోట ‘ఈ కాగితం ఫొటో తీసి పంపండి’ అనండి. చట్టపరంగా తప్పనిసరైన మాట ఉంటే ఉంచండి, దాని కిందే మామూలు మాటల్లో ఒక వాక్యం రాయండి.

7. చిన్న ఫోన్, బలహీనమైన నెట్

ప్రతి జవాబూ ఫోన్‌లో వెంటనే భద్రం కావాలి. ఫొటో పంపేటప్పుడు సగంలో నెట్ ఆగితే, ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలవ్వాలి. ‘పంపు’ బటన్‌ను విసుగుతో మూడుసార్లు నొక్కినా దరఖాస్తు ఒక్కటే పుట్టాలి. దీనికి దరఖాస్తు మొదలైనప్పుడే ఫోన్ ఒక ప్రత్యేక సంఖ్యను తయారుచేసి పంపాలి, అదే సంఖ్యతో మళ్లీ వస్తే సర్వర్ పాత రసీదునే తిరిగివ్వాలి. రుసుము చెల్లింపుకూ ఇదే సూత్రం. డబ్బు కట్ అయి రసీదు రాకపోతే మనిషికి కలిగే భయం మామూలుది కాదు. ‘బ్యాంకు నుంచి ఖరారు కోసం చూస్తున్నాం, మళ్లీ కట్టకండి’ అనే స్క్రీన్ తప్పకుండా ఉండాలి.

యాప్ దించుకోలేని ఫోన్ల కోసం ఇదే సేవ మొబైల్ బ్రౌజర్‌లోనూ నడవాలి. ఏడాదికోసారి వచ్చే పని కోసం ఎవరూ యాప్‌కు చోటు ఖాళీ చేయరు.

8. ‘నా దరఖాస్తు ఎందాకా వచ్చింది?’

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. గోడ మీది కాగితం ముందుకు తెచ్చుకోండి, ఎర్ర గీతలున్న ప్రతి చోటా యాప్ నోరు విప్పాలి.

ముందుగా దరఖాస్తుకు ఉండగల దశలను తేల్చండి: అందింది, పరిశీలనలో ఉంది, మీ నుంచి వివరం కావాలి, నిర్ణయానికి వెళ్లింది, మంజూరైంది, తిరస్కరించాం, అప్పీలులో ఉంది. ఏ దశ నుంచి ఏ దశకు వెళ్లొచ్చో గీసుకోండి. దశ మారిన ప్రతిసారీ ఎప్పుడు, ఎవరు, ఎందుకు అన్నది డేటాబేస్‌లో కొత్త వరసగా చేరాలి, పాత వరస చెరగకూడదు. రేపు అప్పీలు వచ్చినప్పుడు ఇదే సాక్ష్యం.

ఇక మనిషికి కనిపించే మాట. ‘ప్రాసెస్‌లో ఉంది’ అనేది జవాబు కాదు. ప్రతి స్థితి సందేశంలో మూడు సంగతులు ఉండాలి: ఎవరి దగ్గరుంది, ఎప్పటిలోగా అవుతుంది, నేనేమైనా చేయాలా. ఉదాహరణకు: ‘మీ దరఖాస్తు రిజిస్ట్రార్ సంతకం కోసం ఉంది. ఈ నెల 18లోగా పూర్తి కావాలి. ఇప్పుడు మీరు చేయాల్సిందేమీ లేదు.’ ఆ చివరి వాక్యం ఒక మనిషి సెలవు రోజును కాపాడుతుంది.

వెనక్కి పంపేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ‘పత్రాలు సరిగా లేవు’ అని రాస్తే ఆ మనిషి అన్నీ మళ్లీ తీయించుకుంటాడు. ఇలా రాయాలి: ‘ఆసుపత్రి ఇచ్చిన పత్రం ఫొటోలో కుడి అంచు తెగిపోయింది, పుట్టిన తేదీ కనిపించడం లేదు. ఆ ఒక్క ఫొటో మళ్లీ పంపండి. మిగతావన్నీ అందాయి.’ లోపాలన్నీ ఒకేసారి చెప్పాలి. ఒకటి సరిచేశాక ఇంకొకటి అడిగే అలవాటును స్క్రీన్ డిజైన్‌తోనే మాన్పించవచ్చు. పత్రాలన్నిటి మీదా తన అభిప్రాయం పెట్టాకే అధికారికి ‘వెనక్కి పంపు’ బటన్ పనిచేయాలి.

అంటే మీరు రెండు యాప్‌లు చేస్తున్నారని అర్థం. ఒకటి దరఖాస్తుదారుకు, రెండోది అధికారికి. రెండోదానికి బడ్జెట్ పెట్టకపోతే మొదటిది అబద్ధాలు చెబుతుంది. ఒక కార్యాలయంలో కళ్లారా చూశాను: యాప్‌లో వచ్చిన దరఖాస్తులను ప్రింట్ తీసి, ఫైల్‌లో పెట్టి, సంతకాలైన నెల తర్వాత ఎవరో కూర్చుని అన్నిటికీ ఒకేసారి ‘మంజూరు’ నొక్కేవారు. ఆ నెలంతా జనానికి ‘అందింది’ అనే కనిపించింది. తప్పు గుమాస్తాది కాదు. ఆయనకిచ్చిన స్క్రీన్‌లో ఒక దరఖాస్తు తెరవడానికి తొమ్మిది క్లిక్కులు పట్టేవి. అధికారి స్క్రీన్‌లో గడువు దగ్గరపడినవి పైన ఉండాలి, పాత పేరూ కొత్త పేరూ ఆధారమూ పక్కపక్కన కనిపించాలి, తరచూ రాసే కారణాలు సిద్ధంగా ఉండి ఎంచుకుంటే సరిపోవాలి.

దరఖాస్తు సంఖ్య కూడా ఆలోచించి పెట్టండి. ఫోన్‌లో చదివి చెప్పగలిగేలా నాలుగేసి అంకెల గుంపులుగా ఉండాలి, సున్నాతో కలిసిపోయే అక్షరం ఉండకూడదు, చివర ఒక తనిఖీ అంకె ఉంటే తప్పుగా కొట్టినప్పుడు వెంటనే తెలుస్తుంది.

9. భద్రత

అన్నిటికన్నా తరచుగా దొరికే లోపం చాలా చిన్నది. దరఖాస్తు సంఖ్యలో చివరి అంకె మార్చి పంపితే, సర్వర్ పక్కవాళ్ల దరఖాస్తు చూపించేస్తుంది. అడుగుతున్నది ఎవరు, ఇది వాళ్లదేనా అని యాప్ ఏదైనా అడిగిన ప్రతిసారీ సర్వర్ తనిఖీ చేయాలి. యాప్‌లో బటన్ దాచడం భద్రత కాదు.

అనుమతుల్లో కెమెరా మాత్రం, అదీ ఫొటో తీసే క్షణంలో అడగండి. కాంటాక్టులు, లొకేషన్ మీకెందుకు? పత్రాల ఫొటోలు ఫోన్ గ్యాలరీలో మిగలకూడదు, సర్వర్ తన పనుల గురించి రాసుకునే లాగ్ ఫైళ్లలో పేర్లు పడకూడదు, పని పూర్తయ్యాక ఎన్నాళ్లు ఉంచుతారో ముందే తేల్చి చెప్పాలి. 2018 నుంచి అమల్లో ఉన్న ఐరోపా డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ పెట్టిన నియమం ఎక్కడైనా పనికొస్తుంది: అవసరమైనంతే తీసుకో, అవసరమైనన్నాళ్లే ఉంచుకో.

ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒకటి పగులుతుంది. ఎస్టోనియాలో 2017లో గుర్తింపు కార్డుల చిప్‌లో లోపం బయటపడింది, ఏడు లక్షలకు పైగా కార్డుల మీద దాని ప్రభావం ఉంది. ప్రభుత్వం సంగతి బయటపెట్టి, పాత ధ్రువీకరణలు ఆపేసి, కొత్తవి ఇచ్చింది. మీ బృందంలో అలాంటి రోజున ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, జనానికి ఏ మాట చెప్పాలో ఇప్పుడే రాసిపెట్టుకోండి.

10. పరీక్ష, విడుదల

ఐదుగురిని పిలవండి. సొంత ఫోన్లే తెచ్చుకోమనండి, పగిలిన స్క్రీన్, నిండిపోయిన మెమరీతో సహా. పని చెప్పి, నోరు మెదపకుండా చూడండి. ఒకసారి ఒక పెద్దాయన ‘సబ్మిట్’ బటన్ ముందు వేలు పెట్టి చాలాసేపు ఆగిపోయారు. ఎందుకని తర్వాత అడిగితే, ‘నొక్కాక తప్పుంటే మళ్లీ మార్చుకోనిస్తారో లేదో’ అన్నారు. ఆ బటన్ పైన ‘పంపాక 24 గంటల్లోపు మార్చుకోవచ్చు’ అన్న ఒక్క వాక్యం చేర్చాం. తర్వాతి వారం కూర్చున్నవాళ్లెవరూ అక్కడ ఆగలేదు.

విడుదల పెద్ద సభతో కాకుండా ఒక చిన్న కార్యాలయం పరిధితో మొదలుకావాలి. 2013 అక్టోబర్ 1న అమెరికాలో ఆరోగ్య బీమా వెబ్‌సైట్ హెల్త్‌కేర్.గవ్ ఒకేసారి అందరికీ తెరిచారు. మొదటి రోజు నమోదు పూర్తిచేయగలిగింది ఆరుగురు. వచ్చిన జనం లక్షల్లో ఉన్నారు, ఆ తాకిడికి ముందే సరైన పరీక్ష జరగలేదు. మీరు ఊహించే గరిష్ఠ రద్దీకి కొన్ని రెట్లు ఎక్కువ సర్వర్ మీద వేసి చూడండి, తర్వాత ప్రాంతాలను ఒక్కొక్కటిగా చేర్చండి.

11. విడుదల తర్వాత ఏం కొలవాలి

డౌన్‌లోడ్ల సంఖ్య పోస్టర్లకు పనికొస్తుంది, పనికి కాదు. బ్రిటన్ బృందం ప్రతి సేవకూ నాలుగు కొలతలు పెట్టుకుంది: ఒక్కో దరఖాస్తుకయ్యే ఖర్చు, వాడినవాళ్ల సంతృప్తి, మొదలుపెట్టినవాళ్లలో పూర్తిచేసినవాళ్లు ఎంతమంది, మొత్తంలో డిజిటల్‌గా వస్తున్నవి ఎన్ని. వీటికి నేను ఐదోది చేరుస్తాను: ‘నాది ఏమైంది’ అని అడుగుతూ ఆఫీసుకు వచ్చిన ఫోన్లూ మనుషులూ. ఈ లెక్క కౌంటర్ దగ్గర గీతలు పెట్టి రాసుకున్నా చాలు. అది తగ్గకపోతే స్థితి సందేశాల్లో ఏదో అబద్ధమో అస్పష్టతో ఉంది.

ప్రతి వారం బృందంలో ఒకరు ఆ వారం మధ్యలో ఆగిపోయిన పది దరఖాస్తులు తెరిచి, ఏ స్క్రీన్ దగ్గర ఆగాయో చూడాలి. కౌంటర్‌ను మూసేయకండి. ఫోన్ లేనివాళ్లూ, వాడలేనివాళ్లూ అక్కడికే వస్తారు. గుమాస్తా వాళ్ల తరఫున అదే వ్యవస్థలో దరఖాస్తు నింపి, అదే సంఖ్యతో రసీదు ముద్రించి ఇవ్వాలి. అప్పుడు కాగితం మీద వచ్చిన దరఖాస్తుకూ ఫోన్‌లో వచ్చినదానికీ క్యూ ఒక్కటే, గడువు ఒక్కటే.

రెండో సేవ చేర్చే సమయానికి మీ చేతిలో లాగిన్, పత్రాల కెమెరా, చెల్లింపు, దరఖాస్తు దశలను నడిపే భాగం, సందేశాలు, అధికారి స్క్రీన్ సిద్ధంగా ఉంటాయి. వాటిని అలాగే వాడుకోండి. కౌంటర్ దగ్గర నాలుగు రోజులు మాత్రం మళ్లీ కూర్చోవాలి, ఎందుకంటే ఆ కార్యాలయంలో నోటు పుస్తకం వేరు.